వెతుకుట, మార్చుట: అక్షరముల ఆదేశములతో గణితము

హైదరాబాదులో జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములు నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నివాసము. చెన్నపట్నములో పుట్టి పెరిగిన ఈ పరిశ్రమ కొంచెము కొంచెముగా ఇటు తరలివచ్చినది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించిననాడు ఈ దిక్కున బండరాళ్లే ఎక్కువ. తరువాత ఫిల్మ్ నగర్‌లో రామానాయుడు స్టూడియో వెలసినది. ఎడిటింగు గదులు, డబ్బింగు గదులు, రికార్డింగు గదులు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఈ గదులనుండి వెలువడు చిత్రము వెంట బొమ్మ, ధ్వని మాత్రమే గాక మరియొకటి కూడ పోవును. అది సబ్‌టైటిల్ పత్రము. తెలుగు రాని ప్రేక్షకుడు తెరపై అడుగున చదువుకొను మాటలన్నియు అందుండును.

ఈ పత్రమును తెరచి చూచిన వారికి కొంత ఆశ్చర్యము కలుగును. బహు వ్యయముతో తీసిన చిత్రమునకు తోడుపోవు ఈ పత్రములో కేవలము అక్షరములు, అంకెలు తప్ప మరేమియు లేదు. ఎస్.ఆర్.టి. అను ప్రసిద్ధమైన పద్ధతిలో ప్రతి మాటకు మొదట వరుస సంఖ్య, తరువాతి పంక్తిలో ఆ మాట తెరపైకి వచ్చు కాలము, పోవు కాలము, ఆ క్రింద మాట వ్రాయబడి యుండును. కాలము వ్రాయు తీరు ఇట్లుండును:

00:59:58,200 --> 01:00:01,700

మొదటి రెండంకెలు గంటలు, తరువాతివి నిమిషములు, ఆపైన సెకనులు, కామా తరువాతి మూడంకెలు సెకనులో వేయవ భాగములు. ఏ టెక్స్ట్ ఎడిటరులోనైనను, అనగా అక్షరములను కూర్చి దిద్దుటకు ఉపయోగించు ఏ సాధనములోనైనను, దీనిని తెరచి దిద్దవచ్చును.

చిత్రము ఆరంభమున ఒక సెకను నిడివి గల సంస్థ చిహ్నమును చేర్చినారనుకొందము. అప్పుడు పత్రములోని కాలములన్నియు ఒక సెకను ముందుకు జరుగవలెను. వేయి మాటలున్నచో రెండు వేల కాలములు దిద్దవలెను. నేడు ఈ పనికి ప్రత్యేక సాధనములు కలవు. ఒక మీట నొక్కిన చాలును. కాని ఆ సాధనము లేని చోట, కేవలము “ఈ అక్షరములను వెతుకుము, వాటి స్థానమున ఆ అక్షరములను ఉంచుము” అను ఒక్క పనియే తెలిసిన ఎడిటరుతో ఈ కూడిక సాధ్యమగునా? కూడిక యన్నది సంఖ్యల వ్యవహారము. ఎడిటరుకు సంఖ్యలు తెలియవు. దానికి 5 అనునది క వంటిదే, మరియొక అక్షరము.

అయినను సాధ్యమే. తెలుగు వ్యాకరణము చదివిన విద్యార్థికి ఈ ఉపాయము క్రొత్త కాదు. ఒక అక్షరమును తొలగించి దాని స్థానమున వేరొక అక్షరమును నిలుపుటను వ్యాకరణమున ఆదేశమందురు. గసడదవాదేశ సంధిలో క స్థానమున గ, చ స్థానమున స, ట స్థానమున డ వచ్చును. సంధి చేయువాడు అర్థమును విచారింపడు. పక్కపక్క అక్షరములను చూచి సూత్రమును ప్రయోగించును. కూడికకు కూడ ఇట్టి సూత్రములను వ్రాసికొనవచ్చును. కాలము చివర + అను గుర్తు నుంచి, దానికి “ఒక సెకను కలుపవలెను” అని అర్థము చెప్పుకొందము. సూత్రములు ఇవి:

:5+ కనబడిన చోట +:0 ఉంచుము.
0+ కనబడిన చోట 1 ఉంచుము. 1+ కనబడిన చోట 2. ఇట్లే 8+ కనబడిన చోట 9 వరకు.
9+ కనబడిన చోట +0 ఉంచుము.
ఇవేవియు పొసగక + ఒక్కటే మిగిలినచో దాని స్థానమున 1 ఉంచుము.

మొత్తము పన్నెండు సూత్రములు. పైనుండి క్రిందికి చూచుచు, మొదట పొసగు సూత్రమును, పంక్తిలో ఎడమ వైపున మొదట కనబడు చోట ఒక్కమారు ప్రయోగింపవలెను. మరల పైనుండి మొదలిడవలెను. ఏదియు పొసగనప్పుడు ఆగవలెను. గంట నిండుటకు ఒక సెకను తక్కువగా ఉన్న కాలమును తీసికొని పాఠకుడు కాగితముపై చేసి చూడవచ్చును:

00:59:59+
00:59:5+0
00:59+:00
00:5+0:00
00+:00:00
01:00:00

ఐదు ఆదేశములలో గంట నిండినది. ఇందులో కూడిక ఎక్కడ జరిగినది? ఎక్కడను జరుగలేదు, అక్షరములు మారినవి, అంతే. బడిలో “తొమ్మిదికి ఒకటి కలిపిన సున్న, చేతిలో ఒకటి” అని నేర్పునది కూడ ఇదియే. ఆ “చేతిలో ఒకటి” ఇక్కడ + రూపమున ఎడమకు నడచినది.

సూత్రముల వరుసను మార్చి 5+ కు 6 అను దానిని అన్నిటికన్న పైన ఉంచినచో 00:59:60 అను కాలము వచ్చును. అట్టి కాలమును సామాన్యమైన గడియారమేదియు చూపదు. ఏ సూత్రము ముందు, ఏది వెనుక అనునది ఇక్కడ అలంకారము కాదు. లెక్క అంతయు దానిపైననే నిలిచియున్నది.

ఒక సెకను జరుపుట సులభమే. ఇంతకన్న చిక్కైన పని మరియొకటి కలదు. చిత్రశాలలో చలనచిత్రము సెకనుకు 24 చట్రముల వేగముతో నడచును. మన దేశపు టెలివిజనులో సెకనుకు 25 చట్రములు. చిత్రమును ఒక్క చట్రమైనను తీయక, చేర్చక టెలివిజను వేగముతో నడపినచో అది త్వరగా ముగియును. 150 నిమిషముల చిత్రము 144 నిమిషములగును. సబ్‌టైటిల్ కాలములన్నిటిని 25తో భాగించి 24తో గుణింపవలెను. కాలమును సెకనుల లెక్కకు మార్చి, ఒక్కొక్క సెకనుకు ఒక్కొక్క గీత చొప్పున గీతలు గీసికొన్నచో ఇందుకు ఒకే ఒక సూత్రము చాలును: 25 గీతలు కనబడిన చోట 24 సున్నలు ఉంచుము. మార్పు ఎట్లు పొసగునో చూచుటకు నిమిషములతోనే చేయుదము. 150 గీతలలో 25 గీతల గుంపులు ఆరు. ఆరు ఇరువదినాలుగులు 144. లెక్క సరిపోయినది.

గీతల స్థానమున సున్నలే ఎందుకు, గీతలనే ఉంచరాదా అని విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. “25 గీతలకు 24 గీతలు” అని వ్రాసినచో మొదటి ఆదేశముతో 150 గీతలు 149 అగును. అందు మరల 25 గీతలు కనబడును, 148 అగును. ఇట్లు తగ్గుచు తగ్గుచు 24 దగ్గర గాని ఆగదు. రెండున్నర గంటల చిత్రము 24 నిమిషములకు కుదించుకొనిపోవును! మరియు, ఏ చిత్రమైనను 24కు మించినచో అదే 24కు చేరును.

ఇంతకన్న విపరీతము తిరుగు ప్రయాణమున కలదు. టెలివిజను ప్రతినుండి మరల చిత్రశాల వేగమునకు పోవలెనన్న 24 గీతలకు 25 ఉంచవలెను. ఇక్కడ కూడ గీతలకు గీతలనే ఉంచినచో 144 గీతలు 145 అగును, 146 అగును, 147 అగును. ప్రతి ఆదేశము తరువాతను 24 గీతలు దొరకుచునే యుండును. చిత్రము పెరుగుచునే పోవును. యంత్రములో చోటు నిండువరకు ఆగదు. రెండు సూత్రములకు భేదము ఒక్క గుర్తు మాత్రమే. ఒకటి పని ముగించి ఆగును. రెండవది ఎన్నటికి ఆగదు.

వెతికి మార్చుట అను ఈ చిన్న పనికి ఎంత శక్తి కలదు, అది ఆగునో ఆగదో ముందుగా తెలిసికొనవచ్చునా అను రెండు ప్రశ్నలు ఎడిటరులు పుట్టక పూర్వమే, అసలు ఎలక్ట్రానిక్ కంప్యూటరులే పుట్టక పూర్వమే గణితజ్ఞులను వేధించినవి.

నార్వే దేశీయుడు ఆక్సెల్ థూ 1914లో ఈ విషయమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. కొన్ని అక్షరముల వరుసలు, వాటిని ఒకదాని స్థానమున ఒకటి ఉంచుటకు కొన్ని సూత్రములు ఇచ్చినప్పుడు, ఒక పదమునుండి మరియొక పదమునకు చేరవచ్చునా చేరరాదా అని నిర్ణయించు సామాన్య పద్ధతి యేది అని అతడు అడిగెను. కొన్ని ప్రత్యేక సందర్భములలో సమాధానమును చెప్పెను గాని సామాన్య పద్ధతి అతనికి దొరకలేదు. దొరకకపోవుట అతని లోపము కాదు. ఆ సంగతి తెలియుటకు ముప్పది మూడేండ్లు పట్టినది.

ఈలోగా 1936లో ఇంగ్లండులో అలన్ ట్యూరింగు ఒక ఊహాయంత్రమును వర్ణించెను. పొడవైన కాగితపు పట్టీపై అక్షరములుండును. యంత్రపు తల ఒక్కొక్క అక్షరమును చదివి, దానిని చెరిపి వేరొకటి వ్రాసి, ఎడమకో కుడికో ఒక గడి జరుగును. సూత్రబద్ధముగా చేయదగిన గణనము ఎట్టిదైనను ఈ యంత్రము చేయగలదని అతడు వాదించెను. ఆ మాటకు నేటివరకు ఎదురుదృష్టాంతము దొరకలేదు. పై కూడికలోని + గుర్తును మరల చూడుడు. 9+ స్థానమున +0 ఉంచుట యనగా, తల 9ని చదివి, 0ని వ్రాసి, ఎడమకు జరుగుటయే. ట్యూరింగు యంత్రపు ప్రతి కదలికను ఇట్లే ఒక ఆదేశముగా వ్రాయవచ్చును. తలకు పది రకముల స్థితులున్నచో పది రకముల గుర్తులను తీసికొనిన సరి. కావున వెతికి మార్చు సూత్రములు, ప్రయోగించుటకు ఓపిక ఉన్నంత వరకు, ఏ కంప్యూటరు చేయు గణనమునైనను చేయగలవు. గుణకారము, వర్గమూలము, పంచాంగ గణనము, చదరంగము అన్నియు ఇందు ఇమిడినవే. చోటును కాలమును మాత్రము లెక్కపెట్టరాదు.

న్యూయార్కు నగర కళాశాలలో అధ్యాపకుడైన ఎమిల్ పోస్టు ఇదే దారిలో వేరుగా నడచినవాడు. బాల్యమున ప్రమాదములో ఎడమ చేయి పోయినది. జీవితమంతయు అనారోగ్యముతో పోరాడెను. 1920 ప్రాంతముననే గొప్ప ఫలితములకు చేరువయ్యెను గాని ప్రకటింపలేదు. ఆ కీర్తి తరువాత ఇతరులకు దక్కెను. 1943లో అతడు ఆదేశ సూత్రముల వ్యవస్థలను వివరముగా ప్రకటించెను. 1947లో థూ అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పెను: అట్టి సామాన్య పద్ధతి లేదు; ఉండనేరదు. అదే సంవత్సరమున సోవియట్ దేశములో ఆంద్రేయ్ మార్కోవ్ కూడ స్వతంత్రముగా అదే నిర్ణయమునకు వచ్చెను.

ఈ మార్కోవ్, గణాంక శాస్త్రములో “మార్కోవ్ శృంఖలములు” అని పేరుపొందిన మార్కోవ్‌కు కుమారుడు. తండ్రి 1913లో పుష్కిన్ కావ్యమొకదానిలో 20,000 అక్షరములను వరుసగా తీసికొని, అచ్చు తరువాత హల్లు ఎన్నిమార్లు వచ్చుచున్నదో లెక్కించెను. తండ్రి అక్షరములను లెక్కించెను; కుమారుడు అక్షరములను మార్చెను! కుమారుడు 1950 దశకమున “సామాన్య అల్గోరిథములు” అను పేర ఒక పద్ధతిని స్థిరపరచెను. సూత్రములను వరుసగా పేర్చుట, మొదట పొసగు దానిని ఎడమవైపు మొదటి చోట ప్రయోగించుట, ఏదియు పొసగనప్పుడు ఆగుట: పై పన్నెండు సూత్రములను నడపిన నియమములు అతనివే.

ఆగునో ఆగదో చెప్పు పద్ధతి ఎందుకు ఉండనేరదో స్థూలముగా చూపవచ్చును. సూత్రముల పట్టిక కూడ అక్షరములతో వ్రాసినదే గదా. కావున ఒక పట్టికను మరియొక పట్టికకు పాఠముగా ఇయ్యవచ్చును, తనకు తననే కూడ ఇయ్యవచ్చును. ఏ పట్టికనైనను చదివి “దీనికి దీనినే పాఠముగా ఇచ్చినచో ఆగును” లేక “ఆగదు” అని తప్పక చెప్పగల జోస్యపు పట్టిక యొకటి కలదనుకొందము. దానికి ఒక తోక తగిలించి ఒక కొంటె పట్టికను చేయుదము: జోస్యము “ఆగును” అని చెప్పినచో ఇది అంతులేక తిరుగును, “ఆగదు” అని చెప్పినచో వెంటనే ఆగును. ఇప్పుడీ కొంటె పట్టికకు దానినే పాఠముగా ఇచ్చినచో ఏమగును? ఆగునన్నచో ఆగదు, ఆగదన్నచో ఆగును. కావున జోస్యపు పట్టిక యను ఊహయే చెల్లదు.

ఇది గణితజ్ఞుల చమత్కారము మాత్రమే, నిజమైన పట్టికల విషయమున ఎప్పుడును తెలియుచునే యుండును అని తలచుట పొరపాటు. ఒక సంఖ్య సరి యైనచో సగము చేయుము. బేసి యైనచో మూడింతలు చేసి ఒకటి కలుపుము. 1 వచ్చినచో ఆగుము. ఈ ఆటను కొద్దిపాటి ఆదేశములతో వ్రాయవచ్చును. 27తో మొదలిడినచో 111 మెట్లు నడచి, నడుమ 9,232 వరకు ఎగసి, చివరకు 1కి చేరును. 2 యొక్క 68వ ఘాతము వరకు గల ప్రతి సంఖ్యయు 1కి చేరుచున్నదని కంప్యూటరులతో సరిచూచినారు. అన్ని సంఖ్యలును చేరునని మాత్రము ఎవరును నిరూపింపలేకపోయినారు. లొతార్ కొలాట్జ్ పేర ప్రసిద్ధమైన ప్రశ్న యిది. ఎనిమిదవ తరగతి విద్యార్థికి కూడ అర్థమగును.

ఇక ఎడిటరుల మాట. 1962, 63 ప్రాంతమున అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో డాన్ మర్ఫీ, పి.డి.పి.-1 అను కంప్యూటరుకు టెకో అను ఎడిటరును వ్రాసెను. అప్పటి ప్రోగ్రాములు రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలపై ఉండెడివి. ఒక్క తప్పు దిద్దుటకు పట్టీ అంతయు మరల పొడువవలసి వచ్చెడిది. టెకో అను పేరు మొదట “పట్టీల సంపాదకి, దిద్దుబాటు” అను అర్థమున ఏర్పడినదే. ఇందు ప్రతి ఆజ్ఞయు ఒకటి రెండు అక్షరములే. ఆజ్ఞలను వరుసగా కూర్చి దాచుకొని మరల మరల వాడుకొనవచ్చును. ఇట్లు దాచిన ఆజ్ఞల మూటను మాక్రో అందురు. దిద్దుబాటు కొరకు పుట్టిన సాధనము తెలియకయే పూర్తి గణనయంత్రమైనది. 1976లో అదే విద్యాలయములో రిచర్డు స్టాల్‌మన్, గై స్టీల్ టెకో మాక్రోలనే కూర్చి ఒక క్రొత్త ఎడిటరును తయారుచేసిరి. దాని పేరు ఈమాక్స్. సంపాదక మాక్రోలు అను మాటల సంక్షేపమే ఆ పేరు. ఒక ఎడిటరు మాక్రోలు మరియొక ఎడిటరునే కనినవన్నమాట!

అదే 1976 ప్రాంతమున కాలిఫోర్నియాలో బిల్ జాయ్ వి.ఐ. అను ఎడిటరును వ్రాసెను. దాని వంశములో 1991లో బ్రామ్ మూలెనార్ ప్రకటించిన విమ్ నేటికిని విరివిగా వాడుకలో ఉన్నది. ఈ ఎడిటరులలో మాక్రో నడుచు తీరును కొంచెము నిదానముగా చూడవలెను. అసలు కీలకము ఇక్కడనే ఉన్నది.

నొక్కిన మీటలను వరుసగా గుర్తుంచుకొని మరల నొక్కుట మాత్రమే మాక్రో అయినచో దాని శక్తి స్వల్పము. వందమార్లు నడువుమన్న వందమార్లు నడచి ఆగును. అట్టి మాక్రో ఎప్పుడును ఆగును, కావున దానివలన భయము లేదు. కాని అన్ని గణనములును దానితో కావు. ఎన్నిమార్లు తిరుగవలెనో ముందుగా చెప్పవలసియున్నంతవరకు ఏ యంత్రమునకైనను ఈ గతి తప్పదు. ఐతే మాక్రో చివర తన్నే తాను మరల పిలుచుకొనవచ్చును. అప్పుడది ఎప్పుడు ఆగును? వెతికిన అక్షరము దొరకనప్పుడు. విమ్‌లో ఒక ఆజ్ఞ విఫలమైనచో దాని వెనుక వరుసలో ఉన్న ఆజ్ఞలన్నియు రద్దగును. “ఇట్లైనచో అట్లు చేయుము” అను నిర్ణయమును చెప్పుటకు వేరు మాట లేకున్నను, వెతుకులాట విఫలమగుటయే నిర్ణయముగా పనిచేయును. వెతుకుట, మార్చుట, తన్ను తాను పిలుచుకొనుట, దొరకనప్పుడు ఆగుట: ఈ నాలుగింటితో మార్కోవ్ పద్ధతి అంతయు సిద్ధించును. దీనిని చూపుటకే కాబోలు, కొందరు ఉత్సాహవంతులు వి.ఐ. మాక్రోలతో హనోయి గోపురముల ఆటను ఆడించిరి, చిక్కుదారుల పటములలో దారి కనిపెట్టించిరి. ఆ మాక్రోలు విమ్‌తో పాటు పంచిపెట్టబడినవి. హనోయి ఆటలో మూడు బిళ్లలకు 7 ఎత్తులు, ఎనిమిది బిళ్లలకు 255 ఎత్తులు కావలెను. అవన్నియు తెరపై అక్షరములు జరుగుటగా కనబడును.

తెలుగువారికి ఈ విద్య ఆటగా రాలేదు, అవసరముగా వచ్చినది. 1990 దశకపు ఆరంభమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయములో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ తెలుగును ఇంగ్లీషు మీటలతో వ్రాయుటకు ఒక పద్ధతిని ఏర్పరచిరి. ఆర్.టి.ఎస్. అను పేర అది దేశాంతరములందున్న తెలుగువారిలో వ్యాపించినది. అప్పటి కంప్యూటరులలో తెలుగు లిపి సులభముగా కనబడెడిది కాదు. ఇంగ్లీషు అక్షరములలో పంపిన పాఠమును చదువరి తన యంత్రముపై తెలుగు లిపిలోనికి మార్చుకొనెడివాడు. ఇందును వరుసయే ప్రాణము. “కె” తరువాత “హెచ్” వచ్చినచో ఖ. “కె” ఒంటరిగా ఉన్నచో క. రెండవ సూత్రమును ముందుంచినచో ఖడ్గము మిగులదు. క వెనుక ఒక హ వచ్చి కూర్చుండును.

ఇంతకన్న చిక్కు అచ్చుపని వలన వచ్చినది. 1990 దశకమునుండి తెలుగు నాట పుస్తకములు, పత్రికలు, చిత్రముల గోడపత్రికలు, శుభలేఖలు డి.టి.పి.లో కూర్చుట సామాన్యమయ్యెను. అను వంటి ఫాంటులు ఈ పనికి వాడుకలోనికి వచ్చినవి. వీటిలో ఇంగ్లీషు అక్షరముల స్థానములందు తెలుగు అక్షరపు ముక్కలు ఉండును. ఫాంటు ఉన్నంతవరకు తెర మీద చక్కని తెలుగు. ఫాంటు లేని యంత్రముపై అదే పాఠము అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల కుప్ప. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణములో తెలుగుకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఐనను ఆ ఫాంటులలో కూర్చిన ఏండ్ల తరబడి పాఠము అట్లే ఉండిపోయెను. దానిని యూనికోడులోనికి మార్చు సాధనము లేనిచో వెతుకుటకు వీలులేని, క్రొత్త యంత్రముపై చదువుటకు వీలులేని తెలుగు మిగిలిపోవును. ఇందుకు పూనుకొన్నవారిలో వెన్న నాగార్జున తయారుచేసిన “పద్మ” ప్రసిద్ధము. పత్రికల సొంత ఫాంటులలోని పాఠమును అది యూనికోడుగా మార్చెడిది.

మార్పిడిలో చిక్కు ఎక్కడ? అచ్చు ఫాంటులో ముక్కలు కంటికి కనబడు వరుసలో పేర్చబడును. యూనికోడులో పలుకు వరుస. శాస్త్రి అను మాటను చూడుడు. ముక్కల వరుసలో మొదట శ, దీర్ఘము, తరువాత స, దానిపై గుడి, ఆపైన త వత్తు, ర వత్తు వచ్చునని అనుకొందము. పలుకు వరుసలో గుడి అన్నిటికన్న చివర ఉండవలెను. స తరువాత త, ర పలికి గదా ఇ పలుకుదుము. కావున సూత్రము ఇది: గుణింతపు గుర్తు వెంట వత్తు వచ్చినచో వత్తును ముందుకు, గుర్తును వెనుకకు ఉంచుము. దీనిని ఒక్కమారు ప్రయోగించినచో గుడి త వత్తును దాటును గాని ర వత్తు ఇంకను దాని వెనుకనే ఉండును. రెండవమారు ప్రయోగింపవలెను. పాఠమునంతయు ఒక్కమారు చుట్టివచ్చి “అన్నియు మార్చితిని” అని చెప్పు సామాన్యపు మీట ఇట్టి మాటలను సగము దారిలో వదలివేయును. వస్తే సరిపడును, శాస్త్రి సరిపడడు. సూత్రము పొసగనంతవరకు తిప్పవలెను.

తిప్పినచో ఆగునా? సామాన్య పద్ధతి లేదని పోస్టు, మార్కోవ్ చెప్పినది నిజమే గాని, ఈ ఒక్క సూత్రమునకు ప్రత్యేకముగా ఆలోచించి చెప్పవచ్చును. గుణింతపు గుర్తు ఒక్కొక్కటి ఇంకను ఎన్ని వత్తులను దాటవలసి యున్నదో లెక్కవేసి మొత్తము కూడుదము. ప్రతి ఆదేశముతోను ఆ మొత్తము సరిగా ఒకటి తగ్గును. సున్న కన్న తక్కువ కానేరదు. కావున ఆగి తీరును. ఎన్ని ఆదేశములలో ఆగునో కూడ ముందుగానే తెలిసినది. 24 గీతలకు 25 గీతల సూత్రములో ఇట్లు తగ్గు సంఖ్య యేదియు దొరకదు. పట్టిక వ్రాయువాడు వెతుకవలసినది ఈ తగ్గు సంఖ్యనే. అట్లుగాక, యూనికోడునుండి అచ్చు ఫాంటుకు తిరిగి మార్చు సూత్రమును, అనగా వత్తు వెంట గుర్తు వచ్చినచో తారుమారు చేయుమను దానిని, అదే పట్టికలో చేర్చినారనుకొందము. గుడి త వత్తును దాటును, వెనుకకు వచ్చును, మరల దాటును. శాస్త్రి ఎన్నటికి పూర్తికాడు.

యూనికోడు వచ్చిన తరువాత ఆదేశములు పోలేదు. కంటికి కనబడని చోటికి పోయినవి. శాస్త్రి యూనికోడులో ఎనిమిది సంకేతములు: శ, దీర్ఘము, స, పొల్లు, త, పొల్లు, ర, గుడి. వీటిని చూచి పొల్లును దాని తరువాతి హల్లును కలిపి వత్తుగా మార్చి, గుడిని మరల స పైకి తెచ్చి తెరపై చూపుట నేటి ఫాంటుల లోపలి ఆదేశ పట్టికల పని. ఎడిటరు మాక్రో చేసిన పనినే తిరుగు దారిలో ఫోనులోను, టెలివిజనులోను, ఫిల్మ్ నగర్ ఎడిటింగు గది తెరపైనను ప్రతి తెలుగు మాటకు ఎవరో చేయుచునే ఉన్నారు.

ఆ పని ఎంత నాజూకైనదో 2018 ఫిబ్రవరిలో లోకమునకంతకు తెలిసినది. ఆపిల్ సంస్థ ఫోనులలో ఒక తెలుగు అక్షరము కనబడినంతనే దానిని చూపు అప్లికేషను కూలిపోవుచుండెను. ఎవరైనను ఆ అక్షరమును సందేశముగా పంపినచో అందుకొన్నవాని సందేశముల పేటిక తెరచుకొనెడిది కాదు. ఆ అక్షరము జ్ఞా. ఇందు జ, పొల్లు, ఞ, దీర్ఘము అను నాలుగు సంకేతములకు నడుమ, ఞ తరువాత, కంటికి కనబడని అయిదవ సంకేతమొకటి చేరినది. పక్క అక్షరములను కలుపవద్దని చెప్పుట దాని పని. ఈ అయిదింటి వరుస వచ్చినప్పుడు అక్షరరూపములను కూర్చు భాగము తడబడినది. తప్పు తెలుగుది కాదు, వ్రాసినవానిది కాదు. అట్టి వరుస కూడ రావచ్చునని ఎదురుచూడని ప్రోగ్రాముది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 అను సంఖ్య గల దిద్దుబాటును విడుదల చేసెను. అంతవరకు జ్ఞానము, విజ్ఞానము అను మాటలను భయపడకయే వ్రాసికొనవచ్చునని, కనబడని ఆ అయిదవ సంకేతము లేనిచో ప్రమాదము లేదని, తెలిసినవారు తెలియనివారికి చెప్పవలసి వచ్చెను.